దిగబోయిన విమానం మళ్ళీ ఎగిరిపోయింది: గో అరౌండ్ అంటే ఏమిటి? ఈ మాటలన్నీ ఎవరైనా తెలుగులో చెప్పండి

కిటికీసీటు | ఆదివారం, రాత్రి 9:12

మొన్న శుక్రవారం హైదరాబాద్ నుంచి అమ్మని తీసుకుని వైజాగ్ వస్తున్నాను. ఆవిడకి ఇదే మొదటి విమానం, అందుకని కిటికీ సీటు ఆవిడకే ఇచ్చి నేను మధ్యలో ఇరుక్కున్నాను (పేరు మాత్రం నాది కిటికీసీటు, ఏం చేస్తాం). అంతా బాగానే ఉంది. చక్రాలు దిగిన చప్పుడు వచ్చింది, కింద దీపాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేంత దగ్గరికి వచ్చేశాం, ఇంకో అర నిమిషంలో నేల తగులుతుంది అనుకుంటుండగా ఇంజన్లు ఒక్కసారి గీపెట్టాయి, ముక్కు పైకి లేచింది, వీపు సీటుకి అతుక్కుపోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని "అప్పన్న బాబూ" అని మొదలుపెట్టింది, వెనక వరసలో ఎవరో పిల్లాడు ఏడుపు. అయిదు నిమిషాల తర్వాత పైలట్ మైకులో ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పారు, నాకు చిక్కినవి రెండే ముక్కలు, గో అరౌండ్, ట్రాఫిక్.

అమ్మ అడిగింది, "గాల్లో ట్రాఫిక్ ఏట్రా, ఇదేటి ఎన్‌ఏడీ జంక్షనా?"

ఇంకో పావుగంటకి చక్కగా దిగాం. కానీ అప్పటినుంచి ఇంట్లో రోజూ ఇదే కథ, చుట్టాలందరికీ "మా విమానం దిగనేదు" అని ఫోన్లు. అసలు ఏం జరిగింది? ప్రమాదం తప్పిందా? ఈ మాటలన్నీ ఒకచోట తెలుగులో చెప్పే పుణ్యాత్ములు ఉన్నారా ఇక్కడ?

గాజువాక_గ్యాంగ్ | రాత్రి 9:20

సింపుల్ బ్రో. పైలట్‌కి గురి తప్పింది. మా బావ కారు రివర్స్ పార్కింగ్ లాగ, మొదటిసారి గోడకి వెళ్తుంది, రెండోసారి లైన్లోకి వస్తుంది.

పాత_నేవీ | రాత్రి 10:05

గాజువాక తమ్ముడూ, నవ్వుకోవడానికి బాగుంది కానీ తప్పు.

కిటికీసీటు గారూ, నేను కంట్రోలర్ని (టవర్‌లోంచి రేడియోలో విమానాలకి దారి, అనుమతి చెప్పేవాణ్ణి) కాదు, ముందే చెప్పేస్తున్నాను. నేవీలో ఉన్నప్పుడు కొన్నేళ్ళు టవర్‌లో కంట్రోలర్ పక్కన కూర్చుని స్ట్రిప్‌లు రాసినవాణ్ణి, అంతే. మన వైజాగ్ ఎయిర్‌పోర్ట్ ఉన్నది నేవీ స్థలంలో, ఐఎన్‌ఎస్ డేగా అనే నౌకాదళ వైమానిక స్థావరంలో. దీన్ని సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు, అంటే టెర్మినల్ పౌర విమానయానానిది, రన్‌వే, టవర్ నేవీవి. మీ విమానానికి దిగమని చెప్పింది నేవీ వాళ్ళే.

గో అరౌండ్ అంటే ల్యాండింగ్ మానుకుని మళ్ళీ పైకి వెళ్ళి, చుట్టూ తిరిగి రావడం. ఇది ప్రమాదం కాదు, ప్రమాదం దాకా వెళ్ళకుండా ముందే తీసుకునే నిర్ణయం. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే మీదే ఉంటే టవర్ చెబుతుంది. గాలి ఒక్కసారిగా మారినా, వేగమో ఎత్తో ఉండాల్సిన చోట లేకపోయినా పైలటే నిర్ణయించుకుంటాడు. సాధారణంగా మబ్బుల్లోంచి వస్తుంటే వెయ్యి అడుగులు, అంతా స్పష్టంగా కనిపిస్తుంటే 500 అడుగులు వచ్చేసరికి అన్నీ కుదురుకుని ఉండాలి, లేకపోతే పైకి వెళ్ళిపోవాల్సిందే. మీరు విన్న ట్రాఫిక్ అంటే ఇంకో విమానం. వాళ్ళ భాషలో ఆకాశంలో ఒక్క విమానం ఉన్నా అది ట్రాఫిక్కే, ఎన్‌ఏడీలో లాగ హారన్లు ఉండవు.

గురి తప్పినా మొండిగా దింపేసేవాడికంటే పైకి తీసుకెళ్ళిన పైలట్ మంచి పైలట్. అమ్మగారికి ఈ మాట చెప్పండి.

కిటికీసీటు | రాత్రి 10:18

చెప్పాను సార్. "అయితే మంచోడే" అంది. తర్వాత "మరి ముందే చెప్పొచ్చు కదా" అంది.

చాక్స్_ఆఫ్ | రాత్రి 10:40

దానికి జవాబు నేను చెప్తాను, గ్రౌండ్ స్టాఫ్‌లో పనిచేస్తున్నాను (ఎక్కడ అని అడగొద్దు ప్లీజ్). ఆ సమయంలో కాక్‌పిట్‌లో చేతినిండా పని. ఇంజన్ పవర్ పూర్తిగా ఇవ్వాలి, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచు పలకలు) తగ్గించాలి, చక్రాలు లోపలికి తీసుకోవాలి, టవర్‌కి చెప్పాలి, ఏ ఎత్తుకి ఏ దిక్కుకి వెళ్ళాలో వినాలి. ముందు విమానం నడపడం, తర్వాత దారి చూసుకోవడం, ఆ తర్వాతే మాట్లాడటం. ప్రయాణికులతో మాట అన్నిటికంటే చివర. అయిదు నిమిషాల్లో చెప్పారంటే త్వరగా చెప్పినట్టే.

వచ్చాను కాబట్టి మా వైపు మాటలు కూడా కొన్ని. విమానం నిలబడే చోటు బే. బేలన్నీ కలిసి ఉన్న విశాలమైన కాంక్రీట్ నేల ఏప్రన్. టీవీలో "టార్మాక్" అంటారు, మేం అనం. బే నుంచి రన్‌వే దాకా ఉండే రోడ్డు టాక్సీవే, దానికి నంబర్ కాదు, అక్షరం ఉంటుంది. చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టే దిమ్మలు చాక్స్, నా పేరు అక్కడి నుంచే. విమానాన్ని ముక్కు దగ్గర ట్రాక్టర్ లాంటి బండితో వెనక్కి నెట్టడం పుష్‌బ్యాక్, ఎందుకంటే విమానం తనంతట తాను వెనక్కి వెళ్ళదు.

అన్నిటికంటే ముఖ్యమైన ముక్క: టికెట్ మీద 6:30 అని ఉంటే అది గాల్లోకి లేచే టైమ్ కాదు, చాక్స్ తీసి బే నుంచి కదిలే టైమ్. బోర్డింగ్ గేటు చాలావాటికి 25 నిమిషాల ముందే మూసేస్తారు. 6:10కి పరిగెత్తుకుంటూ వచ్చి "ఇంకా 20 నిమిషాలుంది కదా, విమానం కనిపిస్తూనే ఉంది కదా" అని అరిచేవాళ్ళని నేను రోజుకి ఇద్దర్నయినా చూస్తాను. విమానం కనిపిస్తుందండీ. తలుపు మూసేశారు.

మర్రిపాలెం_మేష్టారు | సోమవారం, ఉదయం 6:50

మంచి చర్చ. తెలుగు పంతుల్ని కనుక ఒక సందేహం. రన్‌వే, టాక్సీవే, ఏప్రన్... ఇన్ని ఇంగ్లీషు మాటలెందుకు? విమానం మన మాట, విమానాశ్రయం మన మాట. మా తాతగారు గాలిమోటరు అనేవారు, ఎంత బాగుంది! గో అరౌండ్‌కి ‘మలిచుట్టు’ అందాం. రన్‌వేకి ‘పరుగుబాట’. ఎలా ఉన్నాయి?

గాజువాక_గ్యాంగ్ | ఉదయం 7:02

మేష్టారూ పరుగుబాట సూపర్. కానీ "పరుగుబాట 28 మీద దిగడానికి అనుమతి" అంటే విదేశీ పైలట్ బీచ్ రోడ్డు మీద జాగింగ్ చేస్తాడు.

రాతపరీక్ష | ఉదయం 7:30

మేష్టారూ, మనలో మనం మాట్లాడుకోవడానికి మీ మాటలు బావున్నాయి. రేడియోలో మాత్రం కుదరదు. నేను ఏటీసీ (కంట్రోలర్) ఉద్యోగం పరీక్షకి చదువుతున్నాను, ఆ పాఠంలో మొదటి పేజీయే ఇది: ఒక పనికి ఒకే మాట, అది ఎప్పుడూ మారకూడదు, ఎంత అందమైన పర్యాయపదమైనా సరే. ఐకావో అని ఐక్యరాజ్యసమితి కింద పౌర విమానయాన సంస్థ ఉంది, ఆ మాటల్ని ఖాయం చేసేది అదే.

అక్షరాలు కూడా అంతే. మనం ఫోన్లో ఏం చేస్తాం? "వి ఫర్ వైజాగ్, ఎస్ ఫర్ శ్రీకాకుళం". ఒక్కొక్కరికి ఒక్కో ఊరు. అక్కడ ఎస్ అంటే సియెర్రా, వి అంటే విక్టర్, అంతే, ఇంకోటి లేదు. ఇప్పుడున్న ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస 1956 నుంచి నడుస్తోంది. మన ఎయిర్‌పోర్ట్ మూడక్షరాల కోడ్ వీటీజడ్, అంటే విక్టర్ టాంగో జూలూ. అంకెలకి కూడా ఉచ్చారణ ఉంది. నైన్‌ని "నైనర్" అంటారు, ఎందుకంటే గరగర రేడియోలో నైన్, ఫైవ్ ఒకేలా వినిపిస్తాయి. ఫైవ్‌ని "ఫైఫ్", త్రీని "ట్రీ" అనాలి. త్రీని ట్రీ అనడం మనకి కొత్తేం కాదు లెండి.

కిటికీసీటు | ఉదయం 8:15

ఆహా. అందుకేనా మేం వచ్చిన విమానం రెక్క కింద వీటీ అని రాసి ఉంది? వైజాగ్ విమానమని?

రాతపరీక్ష | ఉదయం 8:21

కాదన్నా 😀 వీటీ అంటే భారతదేశంలో రిజిస్టరైన విమానం. మన బళ్ళకి ఏపీ ఉన్నట్టు. ఢిల్లీ విమానం మీదా వీటీయే ఉంటుంది. వైస్రాయ్ టెరిటరీ అని ఒక కథ చెబుతారు కానీ, రేడియో గుర్తుల్ని దేశాలకి పంచినప్పుడు బ్రిటిష్ సామ్రాజ్యం కిందివాటికి వి తో మొదలయ్యేవి వచ్చాయి, అంతే. ఆస్ట్రేలియాకి ఇప్పటికీ వీహెచ్.

ఎయిర్‌పోర్ట్‌కి రెండు కోడ్‌లు. టికెట్ మీద, లగేజీ ట్యాగ్ మీద మూడక్షరాలది, అది ప్రయాణికులకి. పైలట్లకి, వాతావరణ నివేదికలకి నాలుగక్షరాలది, మనది వీఓవీజడ్. మొదటి వి, తర్వాతది మన దేశంలో ప్రాంతం. ఓ దక్షిణం, ఈ తూర్పు, ఏ పడమర, ఐ ఉత్తరం. శంషాబాద్ వీఓహెచ్‌ఎస్, కోల్‌కతా వీఈసీసీ. వైజాగ్‌ది పాత చార్టుల్లో వీఈవీజడ్ అని కనిపిస్తుంది, తర్వాత దక్షిణంలో కలిపారు.

మర్రిపాలెం_మేష్టారు | ఉదయం 8:40

ఉత్తరాంధ్ర వాళ్ళం మేం తూర్పా, దక్షిణమా అన్నది విమానాల వాళ్ళకీ తేలలేదన్నమాట.

గాజువాక_గ్యాంగ్ | మధ్యాహ్నం 1:10

నాకో డౌట్, ఈసారి సీరియస్. రన్‌వే 28 అని ఇందాక నేనే వాగాను, ఎక్కడో విని. వైజాగ్‌లో 28 రన్‌వేలు ఎక్కడున్నాయి?

పాత_నేవీ | మధ్యాహ్నం 2:30

మంచి డౌటే. అది లెక్క కాదు, దిక్కు. అయస్కాంత దిక్సూచి పట్టుకుని రన్‌వే మొదట్లో నిలబడితే ఎన్ని డిగ్రీలు చూపిస్తుందో అందులో చివరి అంకె తీసేస్తే రన్‌వే నంబర్. మన పెద్ద రన్‌వే ఒక కొస నుంచి చూస్తే సుమారు 100 డిగ్రీలు, అంటే 10. అదే రెండో కొస నుంచి చూస్తే 280, అంటే 28. సిమెంటు ఒకటే, పేర్లు రెండు. రెండిటికీ తేడా ఎప్పుడూ 18 ఉంటుంది, ఎక్కడైనా సరే. మన దగ్గర పాత చిన్న రన్‌వే కూడా ఉంది, 05/23, చూడండి అక్కడా 18. పెద్దది సుమారు పది వేల అడుగులు, అంటే మూడు కిలోమీటర్లు. శంషాబాద్‌లో పక్కపక్కనే రెండు ఒకే దిక్కుకి ఉన్నాయి కాబట్టి 09 లెఫ్ట్, 09 రైట్ అంటారు.

విమానం గాలికి ఎదురుగా ఎగరాలి, ఎదురుగానే దిగాలి. గాలి పటం ఎగరేసిన ప్రతివాడికీ తెలుసు ఎందుకో. నైరుతి గాలి ఉన్న రోజుల్లో 28 వైపు మొగ్గు, తూర్పు గాలి వస్తే 10. కొండలు, పరికరాలు కూడా చూస్తారనుకోండి. ఇంకో తమాషా, భూమి అయస్కాంత ఉత్తరం మెల్లగా జరుగుతూ ఉంటుంది కాబట్టి కొన్నేళ్ళకి రన్‌వే పేరే మార్చాల్సి వస్తుంది. లండన్ దగ్గర స్టాన్‌స్టెడ్‌లో 05/23గా ఉన్నదాన్ని 2009లో 04/22 చేశారు. రన్‌వే ఉన్నచోటే ఉంది, ఉత్తరం కదిలింది.

కిటికీసీటు | రాత్రి 8:45

సార్, రోజర్ అంటే సరే అనేనా? సినిమాల్లో "రోజర్, ఓవర్ అండ్ అవుట్" అంటారు కదా.

పాత_నేవీ | రాత్రి 10:20

ఇదే నాకు ఒళ్ళు మండే చోటు. తీరిగ్గా రాస్తాను.

రోజర్ అంటే "నువ్వు చెప్పింది మొత్తం విన్నాను" అని మాత్రమే. ఒప్పుకున్నానని కాదు, చేస్తానని కాదు. చేస్తాను అనడానికి విల్కో. అవును అనడానికి అఫర్మ్, కాదు అనడానికి నెగెటివ్. నా వల్ల కాదు అనడానికి అనేబుల్. ఈ అనేబుల్ చాలా గొప్ప మాట, మనవాళ్ళకి నోట రానిది. మనం మొహమాటానికి "చూద్దాం లెండి" అంటాం. 2009 జనవరిలో న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన విమానానికి కంట్రోలర్ వెనక్కి వచ్చి దిగమని రన్‌వే ఇచ్చాడు. పైలట్ అనేబుల్ అన్నాడు, హడ్సన్ నదిలో దిగాల్సి రావచ్చన్నాడు. నదిలోనే దింపాడు, 155 మందీ బతికారు.

ఓవర్ అంటే "నా మాట అయింది, నీ జవాబు కోసం చూస్తున్నాను". అవుట్ అంటే "సంభాషణ అయిపోయింది, జవాబు అక్కర్లేదు". రెండూ కలిపి అంటే "భోజనానికి రా, రావద్దు" అన్నట్టు.

ఇక ‘ఓకే’. స్ట్రిప్ అంటే ఏమిటో చెప్పలేదు కదా. అరచేతి పొడుగు కాగితపు పట్టీ, దాని మీద విమానం కాల్‌సైన్ (రేడియోలో పిలిచే పేరు), రకం, ఎత్తు, టైమ్ రాసి ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి కంట్రోలర్ ముందున్న బోర్డులో వరసగా దూరుస్తాం. ఎత్తు మారిస్తే పాతది చెరపకూడదు, గీత కొట్టి పక్కన కొత్తది రాయాలి. రన్‌వే మీదకి మన జీపు వెళ్ళినా ఆ వరసలో ఒక ఎర్ర పట్టీ అడ్డంగా పెట్టేవాళ్ళం, కంట్రోలర్ కన్ను పడితే చాలు, నోరు క్లియరెన్స్ (అనుమతి) ఇవ్వదు. పైలట్ తిరిగి చెప్పింది నేను రాసినదానితో పోల్చి వేలు పెట్టి చూపించడం నా పని. పైలట్ అలా తిరిగి చెప్పడాన్నే రీడ్‌బ్యాక్ అంటారు. చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పాలి, ఎక్కం అప్పజెప్పినట్టు. ఎత్తు, దిక్కు, రన్‌వే నంబర్ లాంటివాటికి ఉత్త "ఓకే" చాలదు.

ఎందుకంత పట్టుదలంటే టెనెరిఫె. 1977 మార్చి 27, స్పెయిన్ వాళ్ళ దీవిలో చిన్న ఎయిర్‌పోర్ట్, దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద కేఎల్‌ఎం జంబో ఒక కొసన ఎగరడానికి సిద్ధంగా ఉంది, పాన్‌యామ్ జంబో ఇంకా అదే రన్‌వే మీద నడుస్తోంది. ఎగిరాక ఏ దారిన వెళ్ళాలో టవర్ చెప్పింది, అందులో టేకాఫ్ అన్న మాట దొర్లింది. కేఎల్‌ఎం కెప్టెన్ ఎగరమన్నారనుకున్నాడు. కో పైలట్ రేడియోలో "మేం ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం" అన్నట్టు ఏదో అన్నాడు, దానికి టవర్ "ఓకే" అంది. తర్వాత "ఆగండి, పిలుస్తాను" అంది కానీ అదే క్షణంలో పాన్‌యామ్ కూడా "మేం ఇంకా రన్‌వే మీదే ఉన్నాం" అని మాట్లాడటంతో రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడి కీచుమన్న శబ్దం తప్ప కేఎల్‌ఎం వాళ్ళకి సరిగా వినపడలేదు. 583 మంది. ఇప్పటికీ ప్రపంచంలో విమాన ప్రమాదాల్లో అంతమంది పోయింది ఇంకోటి లేదు.

ఆ తర్వాత నుంచి టేకాఫ్ అనే మాటని తాళం వేసి పెట్టారు. నిజంగా ఎగరమని చెప్పేటప్పుడు, లేదా ఇచ్చిన ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలి. మిగతా అన్ని సందర్భాల్లో డిపార్చర్ అనాలి. మేష్టారూ, ఒక పర్యాయపదం కోసం ఇంత కథ.

మర్రిపాలెం_మేష్టారు | రాత్రి 10:48

చదివాను. నా పరుగుబాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాతపరీక్ష | రాత్రి 11:15

ఇంకోటి చెప్తాను, ఇది మన తెలుగువాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది. 1989 ఫిబ్రవరి, కౌలాలంపూర్‌కి వస్తున్న ఫ్లయింగ్ టైగర్ సరుకు విమానం. కంట్రోలర్ "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు, ఉద్దేశం 2,400 అడుగులకి దిగమని. పైలట్ ఆ ‘టూ’ని ‘కి’ అనే అర్థంలో ‘టు’ అనుకున్నాడు, అంటే 400 అడుగులకి. "ఓకే, ఫోర్ జీరో జీరో" అన్నాడు. కంట్రోలర్ ఆ తప్పుని పట్టుకోలేదు. విమానం కొండకి గుద్దుకుంది, నలుగురూ పోయారు. మనకైతే "రెండు వేల నాలుగు వందలకి" అని ‘కి’ చివర తగులుతుంది, ఇంగ్లీషులో ముందు వస్తుంది, అదీ చిక్కు. ఇప్పుడు "టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్" అని వేలూ వందలూ విడదీసి చెప్పాలి.

మన దేశంలో 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గాల్లో ఢీకొని 349 మంది పోయారు. కజక్ విమానం తనకిచ్చిన 15,000 అడుగుల కంటే కిందికి దిగిపోయింది. దాని తర్వాతే విమానాల్లో టీకాస్ తప్పనిసరి చేశారు. టీకాస్ అంటే ఎదురుగా ఇంకో విమానం వస్తుంటే ఒకదాన్ని పైకి, ఒకదాన్ని కిందికి వెళ్ళమని తానే గొంతెత్తి చెప్పే యంత్రం. అది చెప్పినప్పుడు కంట్రోలర్ మాట కూడా పక్కన పెట్టాలి.

గాజువాక_గ్యాంగ్ | రాత్రి 11:30

రాత్రిపూట ఇవి చదివించారు, రేపు బెంగళూరు ఫ్లైట్ ఉంది నాకు. టెన్షన్ పెట్టేశారు. ఏదైనా మంచి మాట చెప్పండి.

చాక్స్_ఆఫ్ | రాత్రి 11:42

ఎయిర్ పాకెట్ అని ఏదీ లేదు. ఇది మంచి మాటేనా? గాల్లో గుంత ఉండదు. గాలి పైకీ కిందికీ కదులుతుంటే విమానం ఊగుతుంది, దాని పేరు టర్బులెన్స్. రామకృష్ణా బీచ్‌లో పడవ ఊగినట్టే. ఊగినంత మాత్రాన పడవ మునగదు, కానీ పడవలో నిలబడినవాడు పడతాడు, అందుకే బెల్టు. పెట్టుకో అన్నా, హాయిగా నిద్రపో.

కిటికీసీటు | మంగళవారం, ఉదయం 9:05

నాన్నగారు ఒక ప్రశ్న పంపారు. రెక్క మీద పలకలు లేస్తూ దిగుతూ ఉంటాయి కదా, అవేమిటి?

పాత_నేవీ | ఉదయం 11:00

బీచ్ రోడ్డు మీద టీయూ 142 మ్యూజియం ఉంది కదా, కుర్సురా సబ్‌మెరైన్‌కి ఎదురుగా. మూడు దశాబ్దాల దాకా నేవీకి సముద్రం మీద నిఘా కాసిన విమానం, 2017 డిసెంబర్‌లో మ్యూజియంగా తెరిచారు. నాన్నగారిని అక్కడికి తీసుకెళ్ళండి, నేను ఇక్కడ రాసేదాని కంటే అది మేలు.

రెక్క కింద నిలబడి వెనక అంచు చూడండి. మొండేనికి దగ్గరగా ఉన్న పెద్ద పలకలు ఫ్లాప్స్. ఇవి కిందికి వంగితే రెక్క ఎక్కువ గాలిని పట్టి తక్కువ వేగంలో కూడా విమానాన్ని మోస్తుంది. దిగేముందు కుయ్యిమని మోటార్ చప్పుడు వినిపిస్తుందే, అది ఇదే. రెక్క కొస దగ్గర ఉన్న చిన్నవి ఐలెరాన్లు, ఒకటి లేస్తే రెండోది వంగుతుంది, దాంతో విమానం పక్కకి ఒరుగుతుంది. తోక మీద నిలువుగా ఉన్నది రడ్డర్, పడవ చుక్కాని లాంటిదే. తోక దగ్గర అడ్డంగా ఉన్నది ఎలివేటర్, ముక్కుని పైకీ కిందికీ ఎత్తేది. ప్రయాణికుల జెట్‌లలో దిగిన వెంటనే రెక్క పైన పలకలు టపటపా లేస్తాయి, అవి స్పాయిలర్లు. రెక్క ఇక మొయ్యకుండా బరువంతా చక్రాల మీద పడేలా చేస్తాయి, అప్పుడే బ్రేకు పట్టేది.

అక్కడే ఇంజన్లు కూడా చూడండి. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. నేను గంటలు నిలబడి చూశాను దాన్ని.

అభ్యర్థి_28 | ఉదయం 11:40

కొత్తగా చేరాను. ఎయిర్‌పోర్ట్ గోడ దగ్గర నుంచి ల్యాండింగ్ ఫొటోలు తీస్తే ఎక్కడ బాగా వస్తాయి? అలాగే టవర్ మాటలు వినే రేడియో ఎక్కడ దొరుకుతుంది?

అడ్మిన్ | ఉదయం 11:52

రెండూ వద్దు. అది నేవీ స్థావరం, ఫొటోలు తీయకూడదు. రేడియో సంగతి ఇక్కడ చర్చించం. ఫోన్‌లో విమానాల దారి చూపించే యాప్‌లు ఉన్నాయి, వాటితో సరిపెట్టుకోండి.

రాతపరీక్ష | మధ్యాహ్నం 12:30

యాప్‌లో ఏ విమానాన్నయినా నొక్కితే స్క్వాక్ అని నాలుగంకెలు కొన్నిసార్లు కనిపిస్తాయి. అది రాడార్‌లో ఆ విమానాన్ని గుర్తుపట్టడానికి కంట్రోలర్ ఇచ్చే నంబర్. ఏడుతో మొదలయ్యేవి మూడు గుర్తుపెట్టుకోండి. 7500 హైజాక్, 7600 రేడియో పనిచేయడం లేదు, 7700 అత్యవసరం. నోటితో చెప్పే మాట మేడే, మూడుసార్లు అనాలి. ఫ్రెంచిలో "సాయం చెయ్యండి" అనే మాట నుంచి 1920ల్లో లండన్ క్రాయిడన్ ఎయిర్‌పోర్ట్‌లో పుట్టింది. అంత ప్రాణం మీదకి రాకపోతే పాన్ పాన్.

అలాగే యాప్‌లో వేగం నాట్స్‌లో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. టైమ్ పక్కన జడ్ ఉంటే జూలూ, అంటే గ్రీనిచ్ సమయం, మనకి అయిదున్నర గంటలు కలపాలి. 0300 జడ్ అంటే మన ఉదయం 8:30.

మర్రిపాలెం_మేష్టారు | సాయంత్రం 6:10

ఇంకొక్కటి. మా అబ్బాయి ఆడే విమానం ఆటలో క్యూఎన్‌హెచ్, క్యూఎన్‌హెచ్ అని అంటూ ఉంటారు. ఏ మాటకి పొట్టి రూపం?

పాత_నేవీ | రాత్రి 9:00

దేనికీ కాదు మేష్టారూ. టెలిగ్రాఫ్ కాలంలో పొడుగు ప్రశ్నలకి క్యూతో మొదలయ్యే మూడక్షరాల గుర్తులు పెట్టుకున్నారు, అందులో మిగిలిపోయిన ముక్క. ఆ రోజు గాలి పీడనం ఎంతో చెప్పే అంకె. విమానంలో ఎత్తు చూపే మీటరు నిజానికి పీడనం కొలుస్తుంది, ఎత్తుగా మార్చి చూపిస్తుంది. తుఫాను ముందు పీడనం పడిపోతుంది కదా, మనకి హుద్‌హుద్‌తో తెలిసొచ్చింది. బయట పీడనం నిజంగా 1000 హెక్టోపాస్కల్స్ (పీడనం కొలత) ఉన్నప్పుడు మీటరులో 1013 అనే ఉంచేస్తే, అది ఉన్న ఎత్తు కంటే 350 అడుగుల పైనే ఎక్కువ చూపిస్తుంది. చుట్టూ కొండలున్న మన ఊళ్ళో ఆ 350 అడుగులు ఏం చేస్తాయో ఊహించుకోండి. అందుకే దీన్ని కూడా రీడ్‌బ్యాక్ ఇవ్వాలి. బాగా పైకి వెళ్ళాక మాత్రం అందరూ 1013 పెట్టుకుంటారు, అక్కడి ఎత్తుని ఫ్లైట్ లెవెల్ అంటారు. ఫ్లైట్ లెవెల్ 350 అంటే సుమారు 35,000 అడుగులు.

కిటికీసీటు | ఆ తర్వాతి ఆదివారం, రాత్రి 8:30

అమ్మని మళ్ళీ హైదరాబాద్ తీసుకొచ్చాను. ఈసారి పక్క సీటులో ఒకావిడ, మొదటిసారట, ఫ్లాప్స్ చప్పుడు రాగానే కళ్ళు మూసుకుంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని "ఏటీ నేదమ్మా, రెక్కలు వంచుతన్నాడు" అని చెప్పింది. దిగాక నన్ను అడిగింది, "ఈసారి పైకి ఎత్తనేదేట్రా?"

ఒకటి మాత్రం వదిలేశాం. బే దగ్గర ఆగాక మైకులో "డోర్స్, క్రాస్ చెక్" అన్నారు, ఇద్దరు అమ్మాయిలు తలుపుల దగ్గర ఏదో లాగి ఒకరికొకరు బొటనవేలు చూపించుకున్నారు. అదేమిటి?

చాక్స్_ఆఫ్ | రాత్రి 9:15

తలుపులో గాలి నింపుకునే జారుడు బల్ల మడిచి ఉంటుంది. బయలుదేరే ముందు దాని కొసని గుమ్మం దగ్గర విమానం నేలకి తగిలిస్తారు, అది ఆర్మ్. ఆ తర్వాత లోపల్నుంచి తలుపు తీస్తే బల్ల బయటికి తన్నుకొచ్చి క్షణాల్లో ఉబ్బుతుంది. దిగాక దాన్ని విప్పెయ్యాలి, అది డిసార్మ్. విప్పకుండా తీస్తే తలుపు బయట నిచ్చెన మీద నిలబడేది మా వాళ్ళే. అందుకే ఇటు తలుపు ఆవిడ అటు తలుపు చూస్తుంది, అటు ఆవిడ ఇటు చూస్తుంది. ఆ బొటనవేలు కనపడేదాకా నేను నిచ్చెన ఎక్కను.